కోక్యూటెన్, ఎన్ఏడీహెచ్, కార్నిటిన్... విడవని నీరసానికి ఇవి కొనాలా వద్దా

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. మీ ఆవిడకి 36 ఏళ్ళు, హనుమకొండలో ప్రైవేటు స్కూల్లో టీచరు, పద్నాలుగు నెలల కింద ఏదో వైరల్ జ్వరం వచ్చి తగ్గింది గానీ నీరసం మాత్రం పోలేదు, ఒకరోజు కాస్త పని చేస్తే తర్వాత రెండ్రోజులు మంచం దిగలేకపోతోంది, ఉద్యోగం మానేసింది, హిమోగ్లోబిన్ 11.1 నార్మలే అని రాశారు, థైరాయిడ్ కూడా నార్మల్, ఒక డాక్టరుగారు ఇది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (సీఎఫ్ఎస్, విడవని నీరసం జబ్బు) కావచ్చు అన్నారు. ఈలోపు మీ ఆఫీసులో ఒకాయన నెలకి 6,400 రూపాయల "సెల్ ఎనర్జీ" డబ్బా తెచ్చి మీ చేతిలో పెట్టాడు. అది వాడమంటారా, లేకపోతే ఒంట్లో శక్తి తయారీకి తోడ్పడతాయని అమ్మే కోక్యూటెన్, ఎన్ఏడీహెచ్ లాంటివి విడివిడిగా కొనమంటారా అని కదా మీరడిగింది.

నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని, కడప జిల్లాలో మాకు సొంత మెడికల్ షాపు, 24 ఏళ్ళుగా కౌంటర్ వెనకాలే ఉన్నా. కౌంటర్ ముందు పక్క కూడా చూశాను. 2006లో ఆంధ్రా మొత్తం చికున్‌గున్యా కుదిపేసినప్పుడు నాకూ వచ్చింది, జ్వరం వారం, కీళ్ళ నొప్పులు ఆర్నెల్లు, నిస్సత్తువ రెండేళ్ళు. షాపు మనదే, హోల్‌సేల్ రేటుకి వస్తాయి, ఇంకేముంది, ర్యాకులో ఉన్న బలం బిళ్ళలన్నీ నా మీదే ప్రయోగం చేశా. అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా, ఓపికగా చదవండి. ఆ డబ్బా అయితే వద్దు. ఎందుకు వద్దో చెప్తా, కానీ దానికంటే ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది.

హిమోగ్లోబిన్ 11.1 ని నార్మల్ అని మీకు ఎవరు చెప్పారండీ? గర్భం లేని ఆడవాళ్ళకి 12 కంటే తక్కువైతే అది రక్తహీనతే, డబ్ల్యూహెచ్‌వో లెక్క అది. మన దగ్గర పదకొండు ఉంటే "ఆడవాళ్ళకి అంతే ఉంటదిలే" అనేస్తారు, ఎందుకంటే సగం మందికి పైగా అలాగే ఉన్నారు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత అని తేలింది. అందరికీ ఉన్నంత మాత్రాన అది నార్మల్ అయిపోదు కదా. వెంటనే ఫెరిటిన్ చేయించండి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష అది, దాంతోపాటు ఇన్‌ఫ్లమేషన్ చూపించే సీఆర్‌పీ కూడా, ఎందుకంటే ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఫెరిటిన్ లేనిది ఉన్నట్టు పైకి చూపిస్తుంది. ఫ్రాన్స్‌లో చేసిన ఒక ట్రయల్ 2012లో వచ్చింది, రక్తహీనత లేకుండా, ఫెరిటిన్ 50 లోపు ఉండి నీరసంగా ఉన్న 198 మంది ఆడవాళ్ళకి పన్నెండు వారాలు ఐరన్ గానీ, పోల్చడానికి మందు లేని ఉత్తుత్తి బిళ్ళ గానీ ఇచ్చారు, ఐరన్ వాళ్ళలో నీరసం స్కోరు 48 శాతం దాకా తగ్గింది, ఉత్తుత్తి బిళ్ళ వాళ్ళలో 29 శాతం. ఆ రెండో అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తా. నా సంగతి చెప్పాలంటే, ఏడాదిన్నర పాటు ఎన్నెన్నో క్యాప్సూల్స్ మింగాక ఒక డాక్టరమ్మ ఫెరిటిన్ రాస్తే 9 వచ్చింది. తొమ్మిది! పక్క ర్యాకులో ఉన్న చవక ఐరన్ బిళ్ళ వదిలేసి ఇంపోర్టెడ్ సీసాలు తాగుతున్నా అప్పటిదాకా.

ఐరన్ మొదలుపెడితే రోజూ రెండు పూటలా కుమ్మేయక్కర్లేదు. రోజు విడిచి రోజు ఒక బిళ్ళ వేస్తే ఒంటికి పట్టేది ఎక్కువని 2017 నుంచి వచ్చిన స్టడీల్లో తేలింది, ఒక బిళ్ళ పడగానే హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి మర్నాడు ఐరన్ లోపలికి రాకుండా తలుపేస్తుంది. నిమ్మరసంతోనో ఉసిరికాయతోనో వెయ్యండి, టీ కాఫీలకి ముందో గంట వెనకో గంట దూరం, కాల్షియం బిళ్ళతో కలపొద్దు. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు. అసలు ఎందుకు తగ్గిందో కూడా చూడాలి, నెలసరి ఎక్కువగా అవుతోందా, పైల్స్ ఉన్నాయా, అవి వదిలేసి బిళ్ళలు మింగితే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

ఇంకోటి, మీరు మధ్యలో ఒక మాట తేలిగ్గా రాశారు, జుట్టు రాలుతోందని హెయిర్ టాబ్లెట్లు వాడుతోందని. వాటిలో మామూలుగా బయోటిన్ 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది. కొన్ని ల్యాబుల మెషీన్లలో ఈ బయోటిన్ అడ్డం పడి థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, అంటే థైరాయిడ్ తక్కువగా ఉన్న మనిషికి కూడా "నార్మల్" అని రిపోర్టు రావచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే బయోటిన్ ల్యాబ్ టెస్టుల్ని తప్పుదారి పట్టిస్తోందని హెచ్చరించింది. ఆ బిళ్ళలు మూడు రోజులు ఆపి మళ్ళీ చేయించండి. బి12 కూడా అంతే, సూదులు బిళ్ళలు మొదలుపెట్టకముందే చేయించాలి, ఒకసారి వాడాక అంకె పెరిగిపోయి అసలు సంగతి తెలీదు. మాంసం గుడ్లు తినని వాళ్ళకి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి, ఏళ్ళ తరబడి గ్యాస్ బిళ్ళ వేసుకునేవాళ్ళకి బి12 తగ్గడం మామూలే. బి12 చూడకుండా ఒట్టి ఫోలిక్ యాసిడ్ మాత్రం మొదలెట్టొద్దు, రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బ తింటూనే ఉంటాయి. విటమిన్ డి తక్కువుంటే 60,000 యూనిట్ల సాచెట్ వారానికొకటి ఎనిమిది వారాలు రాస్తారు, ఎనిమిది అంటే ఎనిమిదే. మా షాపుకి వచ్చే ఒకాయన ఆ పాత చీటీతోనే ఏడాది పాటు వారం వారం కొనుక్కెళ్ళాడు, నేను లేనప్పుడు కుర్రాడు ఇచ్చేసేవాడు, కాల్షియం పెరిగి కిడ్నీ మీదికొచ్చి ఆస్పత్రిలో పడ్డాక తెలిసింది. ఈ తప్పులో మా వాటా కూడా ఉంది, ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, షుగర్, కిడ్నీ, లివర్, ఈఎస్ఆర్, అవసరమైతే టీబీ కూడా చూశాక, అప్పటికీ నీరసం ఉంటే అప్పుడు సీఎఫ్ఎస్ మాట. దీన్నే ఎంఈ అని కూడా అంటారు. 2015లో అమెరికాలో పెట్టిన లెక్క ప్రకారం ఆర్నెల్లకి మించి మునుపటి పనులు చెయ్యలేనంత నీరసం, నిద్రపోయి లేచినా అలసట తీరకపోవడం, పని చేశాక పడిపోవడం, ఈ మూడూ ఉండాలి, వాటికి తోడు మెదడు మసకబారినట్టుండడమో, నిలబడితే ఒళ్ళు తూలడమో ఉండాలి. మీరు రాసిన "ఒకరోజు చేస్తే రెండ్రోజులు మంచం" అనేదే దీని సొంత గుర్తు. డిప్రెషన్ అయితే మనిషి "చెయ్యబుద్ధి కావట్లేదు" అంటుంది, ఇందులో మనిషి "చెయ్యాలని ఉంది, ఒళ్ళు రావట్లేదు" అని ఏడుస్తుంది. రెండూ కలిసి కూడా ఉండొచ్చు, అది వేరే సంగతి. జ్వరం తర్వాత ఇలా రావడం కట్టుకథేం కాదు, ఆస్ట్రేలియాలో డబ్బో అనే ఊళ్ళో మూడు రకాల ఇన్ఫెక్షన్లు వచ్చినవాళ్ళని వరసగా చూస్తే ఆర్నెల్లకి పదిమందిలో ఒకరికి పైగా ఇలాగే మిగిలారు, 2006లో అచ్చయింది. ఆ మూడింట్లో ఒకటైన రాస్ రివర్ వైరస్ మన చికున్‌గున్యాకి చుట్టమే.

ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యండి. పడుకోబెట్టి పదినిమిషాలాగి నాడి లెక్కపెట్టండి, తర్వాత గోడకి ఆనించి పదినిమిషాలు నిలబెట్టి నిమిషం నిమిషం లెక్కపెట్టండి, పడిపోకుండా పక్కనే ఉండండి. నాడి పడుకున్నప్పటి కంటే 30 కి మించి పెరిగి, తల తిరిగితే ఆ కాగితం డాక్టరుకి చూపించండి, దానికి వేరే వైద్యం ఉంది, ఉప్పు, నీళ్ళు, బిగుతు మేజోళ్ళు, కొన్ని మందులు, క్యాప్సూల్స్ కంటే అక్కడే ఎక్కువ ఫలితం కనిపిస్తుంది చాలామందికి.

సరే, ఇప్పుడు మైటోకాండ్రియా, అంటే కణాల్లో శక్తి తయారుచేసే భాగాలు, ఈ క్యాప్సూల్స్ అన్నీ పనిచేస్తామనేది అక్కడే. రైస్ మిల్లు అనుకోండి. తిండి వడ్లు, ఏటీపీ అనే శక్తి పదార్థం బియ్యం, మైటోకాండ్రియా మిల్లు. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ వంద గ్రాములు కూడా ఉండదు, కానీ అదే ఖర్చయి అదే మళ్ళీ తయారవుతూ రోజు మొత్తం కలిపితే ఇంచుమించు మనిషి బరువంత అవుతుంది. ఏ క్యాప్సూల్‌లోనూ ఈ బియ్యం ఉండదు, అందులో ఉండేవి మిల్లు సామాన్లు, బెల్టు, బేరింగు, గ్రీజు. బెల్టు అరిగిన మిల్లుకి కొత్త బెల్టు వేస్తే మిల్లు పరుగెడుతుంది. బాగున్న బెల్టు మీద ఇంకో బెల్టు వేస్తే బియ్యం రెండింతలు అవవు.

బెల్టు అరిగిన కథ మన ప్రాంతంలోనే జరిగింది, అది కూడా మిల్లు వల్లే! ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే గోదావరి, విశాఖ వైపు, బెరిబెరి అనే బి1 లోపం జబ్బు బాగా ఉండేది. పచ్చి వడ్లు మిల్లులో బాగా పాలిష్ పట్టించి, అన్నం వండి గంజి వార్చేస్తే బి1, అదే థయమిన్, మొత్తం పోతుంది, పిండి పదార్థాన్ని మైటోకాండ్రియా లోపలికి పంపే గేటు దగ్గర ఆ థయమినే తాళంచెవి. ఉప్పుడు బియ్యం తినే చోట ఈ జబ్బు లేదు, వడ్లు ఉడకబెట్టినప్పుడు తవుడులో ఉన్న బి1 గింజ లోపలికి దిగుతుంది. 1918లో తమిళనాడు కూనూర్‌లో మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ డాక్టరు దొర "బెరిబెరి ఎంక్వైరీ" అని చిన్న గదిలో మొదలుపెట్టిందే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయ్యింది, తార్నాక దగ్గర ఉంది చూడండి, అదే. అక్కడ లోపం ఉంది, ఇచ్చారు, మనుషులు లేచి నడిచారు.

సీఎఫ్ఎస్‌లో అలా తేలిగ్గా తేలలేదు. 2023లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో పాల్ హ్వాంగ్ బృందం ఈ రోగుల కండరాల్లో డబ్ల్యూఏఎస్ఎఫ్3 అనే ప్రొటీన్ ఎక్కువై మైటోకాండ్రియాకి అడ్డం పడుతోందని చూపించారు. అంటే బెల్టు అరగలేదు, మిల్లులో ఎవరో కర్ర దూర్చారు. గ్రీజు పోస్తే కర్ర ఊడదు కదా.

అయినా కొన్నింటికి కొంత ఆధారం ఉంది, లేదనను. అన్నింట్లో మెరుగు కోక్యూటెన్, ఎన్ఏడీహెచ్ జోడీ. స్పెయిన్‌లో బార్సిలోనా వాళ్ళు రోజుకి 200 మిల్లీగ్రాముల కోక్యూటెన్, 20 మిల్లీగ్రాముల ఎన్ఏడీహెచ్ ఇచ్చి ఉత్తుత్తి బిళ్ళతో పోల్చారు, 2015లో 73 మందికి ఎనిమిది వారాలు, 2021లో 207 మందికి పన్నెండు వారాలు. నీరసం స్కోరు కొంత దిగింది, ముఖ్యంగా మెదడు అలసట. దిగింది అంటే రోగం పోయిందని కాదు, పది మెట్ల బావిలో ఒక మెట్టు పైకి వచ్చారన్నమాట, ఆ ఒక్క మెట్టు కూడా మంచం మీదున్న వాళ్ళకి గొప్పే. ఎన్ఏడీహెచ్ ఒక్కదాన్నే 1999లో అమెరికాలో 26 మందికి ఇస్తే ఎనిమిది మందికి పనిచేసింది, ఉత్తుత్తి బిళ్ళ ఇద్దరికి. చిన్న ట్రయల్. ఇది కడుపులో యాసిడ్‌కి పాడైపోతుంది కాబట్టి ఎంటరిక్ కోటింగ్, అంటే కడుపులో కరగని పూత ఉన్నదే తీసుకోవాలి.

కార్నిటిన్‌కి 2004లో నెదర్లాండ్స్‌లో ఒక స్టడీ ఉంది, సగం మందికి పైగా బాగుందన్నారు, కానీ పోల్చడానికి ఉత్తుత్తి బిళ్ళ లేదు. కొందరికి ఒంటి నుంచి చేపల వాసన కూడా వస్తుంది, చెప్పకపోతే మీరు కంగారు పడతారు. డి-రైబోస్ కథా అంతే, 2006లో 41 మంది, రోజుకి 15 గ్రాములు, పోలిక లేదు, ఖరీదైన పంచదార అనుకోండి. మెగ్నీషియం విషయంలో 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇంజెక్షన్ వేసిన 15 మందిలో 12 మంది బాగయ్యారని వస్తే ప్రపంచమంతా ఎగిరింది, తర్వాత వేరే వాళ్ళు చూస్తే ఈ రోగుల్లో ఆ లోపమే కనపడలేదు. రాత్రి కాళ్ళు పీకుతుంటే, మలబద్ధకం ఉంటే వాడి చూడొచ్చు, కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. ఎన్ఎంఎన్ అయితే వయసు తగ్గిస్తామనే మార్కెట్ సరుకు, దాని జోలికి పోకండి.

ఇప్పుడు మీ డబ్బా. మీరు పంపిన లేబుల్ ఫోటో పెద్దది చేసి చూశా. పద్దెనిమిది రకాలు, కోక్యూటెన్ 15 మిల్లీగ్రాములు. ట్రయల్‌లో వాడింది 200. సాంబారులో ఇంగువ వేసినట్టు పేరుకి వేశారు. అశ్వగంధ ఎక్స్‌ట్రాక్ట్ ఉంది, లివర్ దెబ్బతిన్న కేసులు కేరళ డాక్టర్ల దగ్గర్నుంచి కూడా రిపోర్టయ్యాయి, డెన్మార్క్ 2023లో ఏకంగా నిషేధించింది. ఆల్ఫా లైపోయిక్ యాసిడ్ ఉంది, అరుదుగా కొందరికి షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. బయోటిన్ మళ్ళీ ఉంది! పద్దెనిమిదీ కలిపి వేస్తే పనిచేస్తే దేనివల్లో తెలీదు, దద్దుర్లు వస్తే దేనివల్లో తెలీదు. పైన పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉంది కదా అంటారు, అది తిండి సరుకుకి ఇచ్చే లైసెన్సు, రోగం తగ్గిస్తుందని సర్టిఫికెట్ కాదు, అదే డబ్బా మీద "మందుగా వాడటానికి కాదు" అనే ఇంగ్లీషు ముక్క కూడా ఉంటుంది వెతకండి. లేబుళ్ళని నమ్మితే ఎలా ఉంటుందో హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారిని అడగాలి, పంచదార నీళ్ళ డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని ఆవిడ ఏళ్ళ తరబడి కొట్లాడితే 2025 అక్టోబర్‌లో గానీ ఆర్డర్ రాలేదు.

ఇంకో మాట, ఇది అన్నింటికంటే ముఖ్యం. నా సంగతే. ఆ రోజుల్లో ఆరు రకాలు ఒకేసారి మింగుతూ, కార్తీకం వెళ్ళేసరికి కాస్త ఓపిక వచ్చినట్టనిపించింది. ఇంకేం, బిళ్ళలు పట్టాయి అనుకున్నా. సంక్రాంతి ముందు ఇల్లు దులిపా, దుప్పట్లు ఉతికా, అరిసెల పిండి కూడా నేనే కొట్టించా. మూడో రోజు పడిపోయా, మూడు వారాలు లేవలేదు, అంతకుముందున్న స్థాయికి రావడానికి వేసవి వచ్చింది. ఈ జబ్బులో ప్రమాదం బాగోని రోజు కాదండీ, బాగున్న రోజు. మందు వల్ల పది రూపాయల ఓపిక వస్తే ఏడు రూపాయలే ఖర్చు పెట్టాలి, ఆవిడ పన్నెండు ఖర్చుపెడుతుంది, ఎందుకంటే పద్నాలుగు నెలల పని ఇంట్లో పేరుకుని ఉంది, అత్తగారు చూస్తూ ఉంటారు. కాబట్టి క్యాప్సూల్ మొదలుపెట్టే ముందు ఇంట్లోవాళ్ళతో మాట్లాడాల్సింది మీరు. కూర్చుని కూరలు తరగడం, బాత్‌రూంలో స్టూలు, పని మధ్యలో అలసట రాకముందే పడుకోవడం, ఇవి. జిమ్ కోచ్ చెప్పినట్టు రోజూ కొంచెం పెంచుకుంటూ పోవడం ఈ జబ్బున్నవాళ్ళకి వద్దని 2021 అక్టోబర్‌లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ గైడ్‌లైన్ స్పష్టంగా చెప్పింది, అంతకుముందు వాళ్ళే అది మంచిదన్నారు. అదే గైడ్‌లైన్ విటమిన్లతో ఈ జబ్బు నయమవుతుందనడానికి సరిపడా ఆధారం లేదని కూడా రాసింది.

ఇదంతా చదివాక కూడా ఏదన్నా వాడి చూద్దామనిపిస్తే, ఒక్కటే, కోక్యూటెన్ 100 మిల్లీగ్రాములు, పొద్దున టిఫిన్‌తో, నెయ్యో నూనో ఉన్న తిండితో, ఎందుకంటే అది కొవ్వులోనే కరుగుతుంది. వారం తర్వాత ఒంటికి పడిందనిపిస్తే మధ్యాహ్నం ఇంకో వంద. రాత్రి వద్దు, కొందరికి నిద్ర పట్టదు. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్ళయితే డాక్టర్ని అడక్కుండా అసలు వద్దు, బీపీ షుగర్ మందులున్నా చెప్పి వాడాలి. మొదలుపెట్టకముందు రెండు వారాలు, వాడుతూ పన్నెండు వారాలు, రోజూ రాత్రి నోటుబుక్కులో సున్నా నుంచి పది వరకు ఒక అంకె, ఎన్నిసార్లు పడుకుంది, ఎన్నిసార్లు క్రాష్ అయ్యింది, అంటే పని చేశాక పడిపోయింది, ఇవి రాయండి. తర్వాత నెల ఆపండి. ఆపాక కూడా అంకె అలాగే ఉంటే డబ్బు ఆదా. ఇందాక ఉత్తుత్తి బిళ్ళకి కూడా 29 శాతం తగ్గిందన్నా కదా, ఈ నోటుబుక్కు అందుకే, మనసు మనల్నే మోసం చేస్తుంది. మధ్యలో ఎవరో గ్లూకోజ్ ఎక్కిస్తే లేస్తుంది అంటారు, మా ఊళ్ళో రోజూ వింటా "అమ్మా, ఒక బాటిల్ పెట్టిస్తే బలమొస్తుంది" అని, అర లీటరు ఐదు శాతం గ్లూకోజ్‌లో ఉండేది 25 గ్రాములు, ఐదారు చెంచాల పంచదార, అదీ నరంలో సూదితో.

ముందు ఫెరిటిన్, సీఆర్‌పీ, బి12, డి, బయోటిన్ ఆపాక టీఎస్‌హెచ్, ఇవి చేయించి అంకెలు రాయండి, అప్పుడు మళ్ళీ మాట్లాడదాం. ఆ డబ్బా సీల్ తియ్యలేదన్నారు కాబట్టి బిల్లుతో సహా రేపే ఆయనకి వాపస్ ఇచ్చెయ్యండి, మొహమాటపడితే వచ్చే నెల రెండోది తెస్తాడు.